గీత మీద గీత

ప్రెస్సు షెడ్డు,
సోమవారం.

చెల్లాయికి,

వారం నుంచి ఒకటే వాన. ఈసారి వాన చప్పుడు లేకుండా పడుతోంది. పొద్దున తలుపు తీసి మెట్టు మీద కాలు పెట్టేదాకా పడుతున్నట్టే తెలియలేదు. షెడ్డు వెనక మట్టి జారి కాలవ పూడిపోతే నేనూ వాచ్‌మనూ పారలు పట్టి తీశాం. తర్వాత రాతి పొడిని నొక్కే ప్రెస్సు దిమ్మెలు తుడిచి నూనె రాశాను. నొక్కేటప్పుడు పొడి చుట్టూ పెట్టే పింగాణీ ముక్కలు ఓవెన్‌లో పెట్టాను. ఈ గాలికి పొద్దున ఆరినవి సాయంత్రానికి మళ్ళీ చెమ్మ పడుతున్నాయి.

మీ వదిన పెద్దమ్మాయి పురుటికని వెళ్ళి నెల దాటింది. ఆవిడ లేక ఇక్కడ సాన బల్ల బోసిపోయింది, ఇంట్లో వంట బోసిపోయింది. నిన్న కుక్కరు పెట్టి గుమ్మంలో పేపరు చూస్తూ కూర్చున్నాను. వాసన వచ్చి వెళ్ళి చూస్తే అన్నం బొగ్గయింది. కుక్కరు పాతదై విజిల్ వెయ్యడం మానేసింది. ఆ అడుగు గీకడానికి పట్టిన సేపట్లో రాయి ఒకటి సాన పట్టొచ్చు.

నువ్వు అడిగిన రెండో రాయి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. మొదటి రాయి మేనత్తకి వేసిన పాళ్ళే దీనికీ. అదే పొడి, అదే నీటి చుక్క, అదే ఒత్తిడి. దీనికి పిన్ని అని పేరు పెట్టాను. ఆవగింజలో సగం కూడా లేదు, డబ్బా మూత తీసేటప్పుడు తుమ్మకు. కొలవడం అయ్యాక ఎప్పటిలాగే తిరిగి పంపెయ్యి.

గేటు దగ్గరి ఫోనుకి చెయ్యకు. వాచ్‌మన్ వచ్చి నన్ను పిలిచి, నేను చేతులు కడుక్కుని వెళ్ళేసరికి లైను ఉండదు. ఉత్తరమే నయం, కావాలంటే మళ్ళీ చదువుకోవచ్చు.

అన్నయ్య.


కొలత గది,
శుక్రవారం.

అన్నయ్యా,

పిన్ని క్షేమంగా చేరింది. తుమ్మలేదు. ముక్కుకి గుడ్డ కట్టుకునే తీశాను, ఇక్కడ మనిషి ఊపిరిలో తేమ కూడా గీతలో పడుతుంది కదా.

నిన్నంతా నల్ల తెర వేసుకుని దాన్ని కొలిచాను. దీపం కాగి నిలకడ పడేదాకా ఆగి, ముందు ఖాళీ గాజు మీదుగా వెలుతురు పంపి, తర్వాత రాయి మీదుగా పంపి, ఏ రంగుని ఎంత మింగిందో గీత గీయించాను. ఆ గీత తీసుకెళ్ళి మేనత్త గీత మీద పెట్టాను. అన్నయ్యా, గీత మీద గీత కూర్చుంది. హైడ్రోజన్ చూపించే గుబ్బ, నీలం రంగు తెచ్చే లోయ, అన్నీ. కింద ఇంకో కాగితం ఉందని చెబితే గానీ ఎవరికీ తెలియదు.

పెద్దసారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. "నా సర్వీసులో ఇంత బాగా కలిసిన జత చూడలేదమ్మా" అన్నారు. సాయంత్రం అందరినీ పిలిచి ఆయనే చెప్పారు. నువ్వు ఉంటే విని మురిసిపోయేవాడివి, అందుకని రాస్తున్నాను. "మన కాళ్ళ కింద, ఏ బోరూ దిగలేనంత లోతులో ఈ నీలం రాయి పొర ఉంది. అందులో నీళ్ళున్నాయి. నీళ్ళలాగా కాదు, హైడ్రోజనై రాయి అల్లికలో ఇరుక్కుని. ఆ రాయి వెలుతురుని దాటనిస్తే లోపలి వేడి పైకొస్తుంది. మింగితే లోపలే నిలుస్తుంది. తడి రాయి పొడి రాయి కన్నా రెట్టింపు మింగుతుందని మేనత్త చెప్పింది. ఒక్క రాయి మాట నేను నమ్మనని మీకు తెలుసు. ఇవాళ పిన్ని కూడా అదే చెప్పింది."

అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరో వెనక నుంచి "మామయ్యని ఎప్పుడు పంపిస్తారు సార్" అని అడిగారు.

వ్యాసం అచ్చుకి వెళ్ళిపోయింది. అది అచ్చయితే నన్ను ఇక్కడ ఖాయం చేస్తామన్నారు. ఏటేటా పొడిగింపు కోసం ఆఫీసు వాళ్ళ మొహం చూడటం తప్పుతుంది. ఇదంతా నీ ప్రెస్సు చలవ. వదినకి చెప్పు.

చెల్లాయి.


ప్రెస్సు షెడ్డు,
గురువారం.

చెల్లాయికి,

ఉత్తరం అందింది. వాన తగ్గింది. పెద్దమ్మాయికి ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు. మీ వదిన ఇప్పుడప్పుడే రాదు.

అచ్చుకి అంత తొందరేమిటి? పెద్దసారు ఏ పనీ ఇంత తొందరగా చెయ్యరే. ఇంకొన్నాళ్ళు ఆగి చూడమని చెప్పి ఉండాల్సింది. నీ ఉద్యోగం సంగతి నాకు తెలియదు. తెలిస్తే ముందే రాసేవాణ్ణి.

మొన్న గేటు దగ్గర లారీ వెనక్కి వస్తుంటే వాచ్‌మన్ నా చెయ్యి పట్టి పక్కకి లాగాడు. చొక్కా చిరిగింది. ఈ డ్రైవర్లకి హారను కొట్టే అలవాటు కూడా పోయింది.

పిన్నిని తొందరగా పంపు.

అన్నయ్య.


కొలత గది,
శనివారం.

అన్నయ్యా,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. రెండు కాగితాలు చింపాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

అచ్చు వాళ్ళు బొమ్మ పెద్దది కావాలన్నారు. మామూలుగా గీత మీద సన్నటి అలలు ఉంటే తుడిచేసి నున్నగా చేసి ఇస్తాం. ఈసారి తుడవకుండా ఉన్నదున్నట్టు పెద్దది చేశాను. ఆ అలలు ఎందుకొస్తాయో నీకు నేనే చెప్పాను ఒకసారి. రాయి పలకకి రెండు మొహాలు. వెలుతురు ఆ రెండింటి మధ్యా కొట్టుకుని వస్తే గీతలో అల పడుతుంది. అలల మధ్య ఎడం పలక మందాన్ని బట్టి ఉంటుంది. మందం వెంట్రుకలో వందో వంతు మారినా అల జరుగుతుంది. వదిన సాన పట్టిన రెండు పలకలు ఒకే మందం వచ్చిన రోజు లేదు. ఆవిడే నవ్వుతూ ఒప్పుకునేది.

మేనత్త అలలూ పిన్ని అలలూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. మొదటి నుంచి చివరి దాకా.

దీపం తప్పేమోనని దీపం మార్చాను. గాజు తప్పేమోనని గాజు మార్చాను. తర్వాత పిన్నిని మైక్రోస్కోపు కింద పెట్టి, మేనత్త పాత ఫోటో పక్కన పెట్టుకున్నాను. అంచు దగ్గర గోరంచులాంటి నల్ల మచ్చ రెండింట్లోనూ ఉంది. మేనత్త మూల ఒకటి విరిచి నేను వజ్రాల మధ్య నొక్కి చూసే ఇంకో పరీక్షకి వాడుకున్నాను. పిన్నికి సరిగ్గా ఆ మూల కొత్తగా నూరి గుండ్రం చేసి ఉంది. అంచు నూరావు. మొహాలు ముట్టుకోలేదు.

పిన్నీ మేనత్తా ఒకే రాయి అన్నయ్యా.

గీత మీద గీత ఎందుకు కూర్చోదు? మనిషిని అద్దం ముందు నిలబెట్టి ఇద్దరు సాక్షులని చెప్పినట్టయింది. అంతమంది చప్పట్లు కొట్టారు. పెద్దసారు ఇంకో దేశం వాళ్ళకి కూడా రాశారు. ఆయనకి నేనింకా చెప్పలేదు. గది ముందు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను.

డబ్బాలు మారాయా? అయితే అలా అని రాయి. నిజంగా పిన్ని ఉంటే వెంటనే పంపు. లేకపోతే కొత్తది చెయ్యి. నెలాఖరు లోపల నాకు వేరే రాయి కావాలి. నీ చేత్తో, పూర్తి ఒత్తిడి మీద చేసిన రాయి.

చెల్లాయి.


ప్రెస్సు షెడ్డు,
మంగళవారం.

కొలత గది అధికారిణి గారికి,

తమ ఉత్తరం అందింది. తమది డేగకన్ను అని చిన్నప్పుడే తెలుసు. నా జేబులో వేరుశెనగపప్పు ఉందో లేదో వీధి చివర నుంచే చెప్పేదానివి.

డబ్బాలు మారి ఉంటాయి. సాన బల్ల మీద అన్నీ ఒకేలా ఉంటాయి. మీ వదిన ఉంటే ఇలా జరిగేది కాదు.

నీకు పూర్తి ఒత్తిడి కావాలి. నెలాఖరు లోపల కావాలి. అక్కడ కుర్చీలో కూర్చుని రాయడం సులువు. ఆరు నెలలకోసారి వచ్చి ప్రెస్సు పక్కన ఫోటో దిగి వెళ్ళేవాళ్ళకి ఇది ఇడ్లీకుక్కరులాగే కనిపిస్తుంది. అయినా సరే, శుక్రవారం ఎక్కిస్తాను. రాయి వస్తుంది. అప్పుడు నీ అలలు నువ్వు చూసుకో.

ఈ ప్రెస్సు మీద నాకు ఇరవై ఏళ్ళ పైన అనుభవం. ఎవరి చేతా చెప్పించుకోనవసరం లేదు.

అన్నయ్య.


కొలత గది,
గురువారం.

అన్నయ్యా,

ఈ ఉత్తరం చేరేసరికి శుక్రవారం దాటిపోతుంది. అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను.

నీ ఉత్తరం మధ్యాహ్నం వచ్చింది. ఒళ్ళు మండి పెద్దమ్మాయి ఇంటికి ఫోన్ చేసి వదినని పిలిపించాను. నీ మీద చాడీలు చెబుదామని. వెనకాల చంటిది ఏడుస్తోంది.

"చూశావా వదినా, నీ మొగుడు నాకు పాత రాయి పంపి కొత్తదన్నాడు. అడిగితే నన్ను అధికారిణి గారూ అంటున్నాడు."

"కోపమొచ్చినప్పుడు అంతేలే అమ్మాయ్. నన్ను అత్తగారూ అంటాడు."

"రేపు ప్రెస్సు ఎక్కిస్తాడట, పూర్తి ఒత్తిడి మీద."

"నేనొచ్చేదాకా ఎక్కించొద్దని చెప్పి మరీ వచ్చాను" అంది వదిన.

"నువ్వెందుకు? నువ్వు సాన పడతావు. ప్రెస్సు దగ్గర నీకేం పని?"

"పక్కన నిలబడటానికి."

"పక్కన నిలబడితే ఏం చేస్తావు?"

"వింటాను."

"ఆయన వినడా?"

చంటిదాన్ని ఎవరో ఎత్తుకున్నట్టున్నారు, ఏడుపు ఆగింది. వదిన అప్పుడు అంది. "పోయిన వేసవిలో పెద్ద దిమ్మె పగిలినప్పటి నుంచి ఆయనకి దాదాపు ఏమీ వినపడదు అమ్మాయ్. అంతకు ముందే తగ్గుతూ వచ్చింది. దిమ్మె టక్కుమంటే నేను భుజం తడతాను, ఆయన వాల్వు బిగించి అడ్డ రేకు వెనక్కి వెళ్తాడు. అలాగే నడుపుకొస్తున్నాం. నీకు తెలిస్తే మొదట నువ్వే ఆపిస్తావని నీకు చెప్పనివ్వలేదు."

పోయినసారి నేను వచ్చినప్పుడు, నేనేం అడిగినా నువ్వు వదిన మొహం చూసి జవాబు చెప్పావు. ఈ వయసులో ఎంత అన్యోన్యమో అనుకున్నాను. చప్పుడు లేని వాన. విజిల్ వెయ్యని కుక్కరు. హారను కొట్టని లారీ. అన్నీ నువ్వే రాశావు, నేనే చదివాను. రాయిలో వెంట్రుకలో వందో వంతు తేడా పట్టుకున్నాను.

వెంటనే గేటు ఫోనుకి చేశాను. వాచ్‌మన్ ఎత్తాడు. "సారుకి వినపడదని మా అందరికీ తెలుసు కదమ్మా, మీకు తెలీదా?" అన్నాడు. "పిలవాలంటే మేం నేల మీద కాలితో కొడతాం. అదురుకి తిరుగుతాడు." రేపు ప్రెస్సు ఎక్కించనివ్వద్దని చెప్పాను. ఎలాగైనా ఆపమన్నాను. "ఆపుతానమ్మా, మీరు దిగులు పడకండి" అన్నాడు.

నాకు రాయి వద్దు. ఏ రాయీ వద్దు.

చెల్లాయి.


ఆస్పత్రి వరండా,
ఆదివారం.

చెల్లాయికి,

నేను అన్నట్టు శుక్రవారం కాదు, గురువారమే ఎక్కించాను. కోపంలో ఉన్నాను. ఒత్తిడి నిలిచింది, వేడి నిలిచింది. అంతా బాగానే సాగింది. శుక్రవారం పొద్దున వేడి ఆపి ఒత్తిడి దించడం మొదలుపెట్టాను. దిమ్మెలు ఎక్కేటప్పటి కన్నా దిగేటప్పుడే పగులుతాయి. పగిలే ముందు టక్కు టక్కుమని చెప్తాయి. నేను అరచెయ్యి ప్రెస్సు కాలికి ఆనించి నిలబడ్డాను. చేతికి తెలుస్తుందనుకున్నాను. కొంతవరకు తెలుస్తుంది.

వాచ్‌మన్ వచ్చి అడ్డ రేకు అవతల నిలబడి పిలిచాడట. నేల మీద కాలితో కొట్టాడట. ప్రెస్సు పంపు ఆడుతున్నప్పుడు నేలంతా అదురుతూనే ఉంటుంది, నాకు వేరే అదురు తెలియలేదు. లోపల టక్కు టక్కుమని వినపడిందట. అదేమిటో అతనికి తెలియదు. తెలిసిన నాకు వినపడలేదు.

అప్పుడు రేకు దాటి లోపలికి వచ్చి నా భుజం తట్టాడు.

మీ వదిన తట్టేది ఒక్కందుకే. నేను వాల్వు బిగించి రేకు వెనక్కి దూకాను. ఎవరు తట్టారో చూడలేదు. మీ వదిన ఎప్పుడూ రేకు వెనకే నిలబడి చెయ్యి చాపి తట్టేది. ఇతను నేను నిలబడ్డ చోటికి వచ్చి తట్టాడు. నేను దూకాను, అతను అక్కడే ఉండిపోయాడు. దిమ్మె పగిలింది.

ముక్క అతని మోచేతిలో దిగింది. నిన్న తీశారు. ఎముక నలిగింది. ప్రాణానికి భయం లేదన్నారు, చెయ్యి మాత్రం ఇక పూర్తిగా ముడుచుకోదట. కుడి చెయ్యి. అతని భార్య నా పక్కనే బల్ల మీద కూర్చుని ఉంది. నాతో ఏదో అంటోంది. కాగితం మీద రాయమంటే ఆమెకి రాయడం రాదు.

నువ్వు పంపావు. నేను వినలేదు. దెబ్బ అతనికి తగిలింది.

షెడ్డు ఇన్‌చార్జికి అంతా చెప్పాను. వినపడదని చెప్పాను. పాత రాయి సంగతీ చెప్పాను. ఒక్కణ్ణి పూర్తి ఒత్తిడికి ఎక్కించడానికి భయపడి ఆ పని చేశాను. డబ్బాలు మారలేదు.

అన్నయ్య.


కొలత గది,
బుధవారం.

అన్నయ్యా,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని పెద్దసారు గదిలోకి వెళ్ళాను. ఈసారి వెనక్కి రాలేదు.

పిన్ని సంగతి చెప్పాను. అలల బొమ్మ చూపించాను. ఆయన చాలాసేపు చూశారు. "ఒక్క రాయి మీద నిలబడదా?" అని అడిగారు.

"నిలబడదని మీరే కదా సార్ అంటారు."

"అవును, నేనే" అని కాగితం తీసుకుని, వ్యాసం వెనక్కి తీసుకుంటున్నామని అప్పుడే తన చేత్తో రాశారు. అంత తొందరగా రాస్తారని అనుకోలేదు. ఆయన మీద గౌరవం పొంగి వచ్చింది. తర్వాత దిమ్మె పగిలిన సంగతి, వాచ్‌మన్ సంగతి చెప్పాను. నీకు వినపడదని చెప్పాను.

ఆయన కప్పులో టీ వంక చూస్తూ అన్నారు. "మీ వదిన భుజం తట్టడం నేను చూశానమ్మా. పోయిన చలికాలం వచ్చినప్పుడు. మంచి పద్ధతే అనిపించింది. రాళ్ళు బాగా వస్తున్నాయి కదా అని ఊరుకున్నాను."

పెద్దాయన. నాకు పని నేర్పిన మనిషి. టీ మీద మీగడ కట్టింది. నేనే లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చాను.

సాయంత్రం అదే గదిలో, చప్పట్లు కొట్టినవాళ్ళ ముందే నిలబడి చెప్పాను. రెండు గీతలు ఒకే రాయివి అన్నాను. ఈసారి వెనక నుంచి ఎవరూ ఏమీ అనలేదు. మామయ్య గురించి అడిగినతను మాత్రం బయటకి వచ్చేటప్పుడు నా కుర్చీ సర్దిపెట్టాడు. నా ఉద్యోగం మాట ఇంకా ఎవరూ ఎత్తలేదు.

వాచ్‌మన్‌కి నేను రాసిన కాగితం ఇందులో పెట్టాను. నువ్వే చదివి వినిపించు. అతను నాకు దిగులు పడొద్దన్నాడు అన్నయ్యా. అతని నోట నేను చివరిగా విన్న మాట అది.

నువ్వు నాకు చెప్పి ఉంటే నేను ఆపించేదాన్నా? ఆపించేదాన్నే. వదిన చెప్పింది నిజం.

చెల్లాయి.


ప్రెస్సు షెడ్డు,
శనివారం.

చెల్లాయికి,

నువ్వు రాసింది వాచ్‌మన్‌కి చదివి వినిపించాను. విని తల ఊపాడు. ఎడం చేత్తో గ్లాసు పట్టుకోవడం అలవాటు చేసుకుంటున్నాడు. తర్వాత నా చేతిలో పెన్సిలు పెట్టి తను అనదలుచుకున్నది నెమ్మదిగా పెదవులు కదిపి చెప్పాడు. "పిలిస్తే వినరని తెలుసు. తడితే దూకుతారని తెలీదు." నాకు పట్టింది. రాసి చదివితే అవునని తల ఊపాడు.

మీ వదిన వచ్చింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడినా నాకు తెలియదని ఆవిడకి తెలుసు, అందుకని నావైపు చూడలేదు. మూడో రోజు సాన బల్ల కడిగి కూర్చుంది.

ప్రెస్సు మీదికి కొత్తతను వచ్చాడు. నెమ్మదస్తుడు. నన్ను ప్రెస్సు ముట్టుకోవద్దన్నారు, మంచిదే. కానీ అతనికి పాళ్ళు, వాల్వు తిప్పే తీరు చూపించమని ఇన్‌చార్జి అడిగాడు. కొత్త దిమ్మెలు వేసి ఎక్కించాం. నేను కిటికీ అవతల ఉండి చేత్తో చూపించాను, అతను తిప్పాడు, మీ వదిన రేకు వెనక నిలబడి వింది. దించేటప్పుడు ఒకసారి ఆవిడ చెయ్యి ఎత్తింది. అతను బిగించి వెనక్కి వెళ్ళాడు. ఆవిడా వెళ్ళింది. అది తగ్గేదాకా ఆగి మళ్ళీ మొదలుపెట్టారు. ఎవరికీ ఏమీ కాలేదు. నేను కిటికీ అవతల నిలబడి అంతా చూశాను. అటు నుంచి చూస్తే ఎంత భయం వేస్తుందో ఇన్నేళ్ళకి తెలిసింది.

రాయి వచ్చింది. అవే పాళ్ళు. మీ వదిన సాన పట్టింది. డబ్బా మీద పేరు చూసుకో. వాచ్‌మన్. చుట్టాల పేర్లు ఇక చాలు.

అన్నయ్య.


కొలత గది,
మంగళవారం.

అన్నయ్యా,

వాచ్‌మన్‌ని కొలిచాను. నల్ల తెర లోపల ముందు అలలే చూశాను. మేనత్త అలలకీ వీటికీ పొంతన లేదు. మచ్చ లేదు. వేరే రాయి.

తర్వాత అసలు గీత. హైడ్రోజన్ గుబ్బ దాదాపు అంతే ఉంది, నీళ్ళు అంతే పట్టాయి. కానీ వెలుతురు మింగడం మేనత్త మింగినంత లేదు. అందులో సగానికి కొంచెం పైన. పొడి రాయి కన్నా కొంచెం ఎక్కువ, అంతే. నమ్మలేక మళ్ళీ కొలిచాను. మళ్ళీ అంతే. మేనత్త అంత వెలుతురు మింగింది నీళ్ళ వల్ల కాదు, బహుశా ఆ నల్ల మచ్చ లాంటివే ఇంకా సన్నవి లోపల ఉండి ఉంటాయి.

అంటే మనం అచ్చు వేయించబోయింది తప్పు. నువ్వు నిజంగా రెండో రాయి చేసి పంపి ఉంటే ఆ రోజే తెలిసేది. పిన్ని పేరుతో మేనత్త వచ్చి తన మాటకి తానే సాక్ష్యం చెప్పి వెళ్ళింది. అంతమందిమి నమ్మాం.

పెద్దసారుకి కాగితం ఇచ్చాను. చూసి, "మూడో రాయి కావాలి" అన్నారు. కావాలన్నాను. చెవులు పరీక్ష చేయించుకున్న మనిషి చేతిదే తీసుకుంటానని చెప్పాను. ఆయన సరేనన్నారు. నన్ను ఏడాది చివరి దాకా ఉంచుతారట. తర్వాత సంగతి తర్వాత.

నువ్వు ఏం చేయబోతున్నావో రాయలేదు.

చెల్లాయి.


ప్రెస్సు షెడ్డు,
శుక్రవారం.

చెల్లాయికి,

ఎండ కాస్తోంది. కాలవ ఎండింది. పొద్దున దిమ్మెలు తుడిచి కొత్తతనికి అప్పజెప్పాను. పింగాణీ ముక్కలు ఎక్కడుంటాయో, ఓవెన్ తలుపు ఎలా ఎత్తి మూయాలో చూపించాను. మేనత్తని నీ దగ్గరే ఉంచు.

పెద్దమ్మాయి ఇంటి దగ్గర చెక్క మిల్లులో రంపం ముందు మనిషి కావాలన్నారట. రంపం దగ్గర వద్దని మీ వదిన కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసింది. లోడు లెక్క చూసే పని చూస్తాను. మూడో రాయికి మీ వదిన ఉండదు. రేకు వెనక వినడానికి వేరే మనిషిని పెట్టమని ఇన్‌చార్జికి రాసి ఇచ్చాను. తట్టకూడదు, చెయ్యి ఎత్తి చూపాలి అని కూడా రాశాను.

వాచ్‌మన్ మంగళవారం పొద్దున భార్యతో తన ఊరు వెళ్ళిపోయాడు. మేమిద్దరం ఆదివారం మొదటి బస్సుకి వెళ్తున్నాం.

అన్నయ్య.